అచ్చుతప్పే... తొలిమెట్టు!

కోడ్‌ రాయడం ఇంకా సరిగ్గా రాకపోయినా ప్రపంచం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో మీ పేరు నమోదు కావచ్చు. అందుకు ఒక్క తప్పు పట్టుకుంటే చాలు. కాకపోతే... అది నిజంగా తప్పేనా కాదా అన్నది ముందు చూసుకోవాలి!

ఊరి బస్టాండులో ఓ బోర్డు. దానిమీద ఓ ఊరిపేరు తప్పుగా రాసి ఉంది. రోజూ ఆ బస్సెక్కే వాళ్లెవరికీ దాంతో ఇబ్బంది లేదు. అసలు వాళ్లు బోర్డు వైపు చూస్తేగా! డ్రైవర్‌ ముఖం చూసి ఎక్కేస్తారు. ఇబ్బందల్లా కొత్తగా వచ్చినవాడికే. బోర్డు పెట్టిందీ అతనికోసమే. అందులో తప్పు కనబడేదీ అతనికే.

సాఫ్ట్‌వేర్‌ ప్రపంచంలోనూ సరిగ్గా ఇలాంటి బోర్డులే ఉన్నాయి. వాటి పేరు... కంట్రిబ్యూటర్‌ గైడ్‌లైన్స్‌. తెలుగులో చెప్పాలంటే, చెయ్యి కలపడానికి వచ్చేవాళ్లకి మార్గదర్శకాలు. ఎందరో ఇంజినీరింగ్‌ విద్యార్థుల ప్రయాణం అక్కడ కనిపించిన ఓ అచ్చుతప్పుతోనే మొదలవుతుంది.

పదిమంది వంటిల్లు
మన చేతిలోని ఆండ్రాయిడ్‌ ఫోన్‌ లోపల పనిచేసేది లినక్స్‌ కెర్నెల్‌. సినిమాలు చూసుకునే వీఎల్‌సీ ప్లేయర్‌, ఇంటర్నెట్‌ చూసే ఫైర్‌ఫాక్స్‌, ఉత్తరాలూ లెక్కలూ రాసుకునే లిబ్రేఆఫీస్‌... వీటన్నిటికీ ఓ పోలిక ఉంది. ఇవన్నీ ఓపెన్‌సోర్స్‌ సాఫ్ట్‌వేర్లు. అంటే, తయారీ రహస్యాన్ని దాచిపెట్టరు. ఆవకాయ జాడీ చేతికివ్వడంతో సరిపెట్టకుండా కారమెంత, ఆవపిండి ఎంత, నూనె ఎంత అన్న కొలతలు కూడా కాగితం మీద రాసిచ్చినట్టన్నమాట. ఎవరైనా చదవొచ్చు, వాడుకోవచ్చు. ఇంకాస్త బాగుచేసి తిరిగి పంపొచ్చు.

1991లో ఫిన్లాండ్‌లోని హెల్సింకీ విశ్వవిద్యాలయంలో చదువుతున్న 21 ఏళ్ల లైనస్‌ టోర్వాల్డ్స్‌ సరదాగా మొదలుపెట్టిన లినక్స్‌, ఇలా వేలమంది చేతులు పడే ఇంత పెద్దదైంది. పదిమంది వంటచేసే చోట ఎవరేం చేయాలో చెప్పేవాళ్లు లేకపోతే కూరలో ఉప్పు పదిసార్లు పడుతుంది. అందుకే ప్రతి పెద్ద ప్రాజెక్టుకీ కొన్ని నియమాలుంటాయి. కోడ్‌ ఎలా రాయాలి, మార్పుని ఎవరికి పంపాలి, దానికి జతచేసే వివరణ ఎలా ఉండాలి, ముందు ఏయే పరీక్షలు చేయాలి... అన్నీ ఓ ఫైల్లో రాసిపెడతారు. ఇలాంటి ప్రాజెక్టులకు పెద్ద చిరునామా అయిన గిట్‌హబ్‌ సైట్‌ 2012లో ఓ ఏర్పాటు చేసింది. ఎవరైనా మార్పు పంపబోతే ఆ ఫైల్‌ లింకు వాళ్ల కళ్లముందు కనబడేలా చేసింది. ‘లోపలికి వచ్చేముందు ఇది చదవండి’ అన్నట్టు!

పాతవాళ్లు చదవరు!
ఇంతకీ అంత ముఖ్యమైన పేజీలో స్పెల్లింగ్‌ తప్పులెందుకు ఉంటాయి? పెద్దపెద్ద ప్రోగ్రామర్లకి ఆ మాత్రం ఇంగ్లిష్‌ రాదా?

వస్తుంది. కానీ ఆ పేజీ రాసేవాళ్లలో చాలామందికి ఇంగ్లిష్‌ అమ్మభాష కాదు. ఫిన్లాండ్‌, జర్మనీ, బ్రెజిల్‌, చైనా, భారత్‌... ఎక్కడెక్కడివాళ్లో ఉంటారు. పైగా రాత్రి పొద్దుపోయాక, కోడ్‌ పనంతా అయ్యాక, హడావుడిగా రాసిపడేస్తారు. ఆ తర్వాత మళ్లీ దాని మొహం చూడరు. ఎందుకంటే అందులోని విషయాలన్నీ వాళ్లకి కంఠతా వచ్చు. ఆ పేజీని మొదటి అక్షరం నుంచి చివరిదాకా చదివేది కొత్తవాడొక్కడే. పత్రికల వాళ్లు ముద్రారాక్షసం అని పిలుచుకునే ఆ అచ్చుతప్పు, రాసినవాళ్ల కంటబడకుండా ఏళ్ల తరబడి అక్కడే మకాం వేసి కొత్తవాడికి దొరికిపోతుంది.

భాష విషయంలో కొత్తవాళ్లకుండే బెరుకు లినక్స్‌ పెద్దలకు తెలియనిది కాదు. కెర్నెల్‌ పనిలోకి ఎలా రావాలో చెబుతూ గ్రెగ్‌ క్రోవా-హార్ట్‌మన్‌ 2005లో ఓ మార్గదర్శకం రాశారు. ఇంగ్లిష్‌ అంతగా అలవాటు లేనివాళ్లకి భాష అడ్డుగోడ కావచ్చనీ, అందుకే మెయిల్‌ పంపేముందు అర్థమయ్యేలా ఉందో లేదో ఒకసారి సరిచూసుకోవాలనీ అందులో ప్రత్యేకంగా ప్రస్తావించారు. లినక్స్‌ పత్రాలను చైనీస్‌, జపనీస్‌, కొరియన్‌, ఇటాలియన్‌, స్పానిష్‌ భాషల్లోకి ఔత్సాహికులు అనువదించుకున్నారు కూడా.

ఒక్క అక్షరం కథ
ఓ కుర్రాడున్నాడనుకుందాం. పదో తరగతి దాకా తెలుగు మీడియం. ఇప్పుడు ఇంజినీరింగ్‌ రెండో ఏడు. ‘నా ఇంగ్లిష్‌ అంతంతమాత్రం’ అన్న భయం ఇంకా పోలేదు. సీనియర్లు చెప్పారని ఓ ఓపెన్‌సోర్స్‌ ప్రాజెక్టు పేజీ తెరిచాడు. మార్గదర్శకాలు చదువుతుంటే ‘సెపరేట్‌’ అన్న మాట దగ్గర చూపు ఆగింది. మధ్యలో ‘ఎ’ ఉండాల్సిన చోట ‘ఇ’ ఉంది. మొదట తనకే సరిగా తెలియదేమో అనుకున్నాడు. అమెరికా వాళ్లు అలాగే రాస్తారేమోనని సందేహించాడు. చివరికి నిఘంటువు తీశాడు. తప్పు తనది కాదు. రాసినవాళ్లదే!

ఇక్కణ్నుంచే అసలు పాఠం మొదలవుతుంది. ఆ ఫైల్‌ని నేరుగా దిద్దడానికి వీల్లేదు. ముందు ప్రాజెక్టు మొత్తాన్నీ తన పేరిట ఓ నకలు తీసుకోవాలి. అందులో ఆ అక్షరాన్ని దిద్దాలి. ఏం మార్చాడో ఒక వాక్యంలో రాయాలి. ‘ఇది తీసుకోండి’ అని ప్రాజెక్టు నిర్వాహకులకు విన్నపం పంపాలి. గిట్‌హబ్‌ భాషలో దీన్నే పుల్‌ రిక్వెస్ట్‌ అంటారు. నిర్వాహకులు చూసి, సరే అనుకుంటే అసలు ప్రతిలో కలుపుకుంటారు. ఎవరు, ఎప్పుడు, ఏ అక్షరం మార్చారో ప్రాజెక్టు చరిత్రలో నమోదవుతుంది.

ఒక్క అక్షరానికి ఇంత తతంగమా అనిపిస్తుంది. కానీ రేపు అతను వందల వరుసల కోడ్‌ పంపాలన్నా దారి ఇదే. 2005లో టోర్వాల్డ్స్‌ తయారుచేసిన ‘గిట్‌’ అనే పరికరం వాడటం, చేసిన పనిని నలుగురి ముందు పెట్టడం, వంకలు పెడితే ఉడుక్కోకుండా దిద్దుకోవడం... ఇవన్నీ ఆ ఒక్క అక్షరంతోనే అలవాటవుతాయి. ఈతకి దిగేవాడు ముందు మోకాలి లోతు నీళ్లలో నిలబడి చూసుకున్నట్టే ఇదీ!

చిల్లర పనుల కోతి!
ఇలాంటి చిన్నచిన్న దిద్దుబాట్ల కోసమని లినక్స్‌ మార్గదర్శకాల్లో చాలాకాలం ఓ ప్రత్యేక చిరునామా ఉండేది. దాన్ని చూసుకునేవారికి పెట్టిన ముద్దుపేరేమిటో తెలుసా... ‘ట్రివియల్‌ ప్యాచ్‌ మంకీ’. చిల్లర మార్పులు చూసే కోతి అని! ఆ కోతిగారికి ఏమేం పంపొచ్చో చెప్పే జాబితాలో స్పెల్లింగ్‌ గురించి రెండు అంశాలుండేవి. ఒకటి- పత్రాల్లోని స్పెల్లింగ్‌ తప్పులు. రెండోది- వెతుకులాటని దెబ్బతీసే స్పెల్లింగ్‌ తప్పులు.

ఆ రెండోదాని వెనక చాలా తెలివుంది. లక్షల వరుసల కోడ్‌లో ఒక మాట ఎక్కడెక్కడ ఉందో వెతకడానికి ప్రోగ్రామర్లు ‘గ్రెప్‌’ అనే ఆదేశం వాడతారు. ఆ మాట ఒకచోట తప్పుగా రాసి ఉంటే ఆ చోటు దొరకదు. ఇంటిపేరు తప్పుపడితే ఓటరు జాబితాలో మనిషి దొరకనట్టు! అంటే స్పెల్లింగ్‌ తప్పు అందచందాల సమస్యే కాదు, పని సమస్య కూడా.

మార్గదర్శకాల్లో అయితే దీనివల్ల జరిగే నష్టం ఇంకోరకం. ఫైల్‌ పేరులోనో, టైప్‌ చేయాల్సిన ఆదేశంలోనో ఒక్క అక్షరం తేడా ఉందనుకోండి. అనుభవం ఉన్నవాడు ఇట్టే పోల్చుకుంటాడు. కొత్తవాడు ఉన్నది ఉన్నట్టు టైప్‌ చేస్తాడు. పనిచేయదు. మళ్లీ చేస్తాడు. ఊహూఁ. తప్పు పేజీలో ఉందని అతనికి తట్టదు. ‘ఇది మనవల్ల అయ్యే పని కాదులే’ అని లేచి వెళ్లిపోతాడు. అలా వెళ్లిపోయినవాళ్లు ఎందరో ఎవరికీ తెలియదు. వాళ్లు ఫిర్యాదు చేయరు కదా!

అందుకే ఇప్పుడు తప్పుల్ని వెతికే ప్రోగ్రాములు కూడా వచ్చాయి. 2014లో లినక్స్‌ కోడ్‌లోకి ‘స్పెల్లింగ్‌’ పేరుతో ఓ చిట్టా చేరింది. డెబియన్‌ వాళ్ల ‘లింటియన్‌’ అనే పరికరం నుంచి తెచ్చుకున్న జాబితా అది. ఒక్కో వరుసలో ముందు తప్పు మాట, మధ్యలో రెండు నిలువు గీతలు, తర్వాత ఒప్పు మాట. పుస్తకాల వెనక వేసే తప్పొప్పుల పట్టికలాగే! వెయ్యికి పైగా మాటలున్న ఆ చిట్టాని చూసి, పంపిన మార్పుల్లో ఏదైనా తప్పుంటే కెర్నెల్‌ తనిఖీ ప్రోగ్రామ్‌ హెచ్చరిస్తుంది. ఇదే పనిచేసే ‘కోడ్‌స్పెల్‌’ను ఎన్నో ప్రాజెక్టులు వాడుకుంటున్నాయి.

వదిలేస్తే... శిలాశాసనమే
మార్గదర్శకాల్లో తప్పుని సాయంత్రానికల్లా దిద్దొచ్చు. అదే తప్పు కోడ్‌లోకి వెళ్లి కూర్చుంటే దిద్దడం ఎవరి తరమూ కాదు. దీనికి పేరుపొందిన ఉదాహరణలు రెండున్నాయి.

ఒక వెబ్‌పేజీలోని లింకు నొక్కి ఇంకో పేజీకి వెళ్తే, మనం ఎక్కణ్నుంచి వచ్చామో బ్రౌజర్‌ ఆ రెండో సైట్‌కి చెబుతుంది. ఆ సమాచారం పేరు ‘రిఫరర్‌’. ఇంగ్లిష్‌లో ఆ మాట మధ్యలో రెండు ‘ఆర్‌’లు ఉండాలి. కానీ వెబ్‌ నిబంధనలు రూపొందుతున్న తొలిరోజుల్లో ఒకే ‘ఆర్‌’తో రాసేశారు. ఎవరో గమనించేసరికే అది వాడుకలోకి వెళ్లిపోయింది. 1996 మే నెలలో వెలువడిన అధికారిక పత్రంలోనూ అలాగే అచ్చయింది. ఇప్పటికీ మనం లింకు నొక్కినప్పుడు ఆ తప్పు మాటే ప్రయాణిస్తూ ఉంటుంది. విచిత్రం ఏమిటంటే, ఆ తర్వాత వచ్చిన ‘రిఫరర్‌ పాలసీ’ అనే నిబంధనలో రెండు ‘ఆర్‌’లూ సరిగ్గా ఉన్నాయి. తప్పూ ఒప్పూ ఒకే ఇంట్లో కాపురం!

రెండోది యునిక్స్‌లోది. కొత్త ఫైల్‌ సృష్టించే ఆదేశానికి ‘క్రియేట్‌’ అని పేరు పెడుతూ చివరి ‘ఇ’ని వదిలేశారు. యునిక్స్‌ని మళ్లీ తయారుచేయాల్సి వస్తే ఏం మారుస్తారని దాని సృష్టికర్తల్లో ఒకరైన కెన్‌ థాంప్సన్‌ని అడిగితే, ఆ మాటకి చివర ‘ఇ’ పెడతానన్నాడట!

దిద్దితేనే ప్రమాదం
ఈ రెండు కథలూ కొత్తవాళ్లకి ఇంకో హెచ్చరిక కూడా చేస్తాయి. మార్గదర్శకాల్లో ఎక్కడో ‘రిఫరర్‌’ అన్నమాట ఒకే ‘ఆర్‌’తో కనబడిందని ఉత్సాహంగా రెండోది చేర్చారనుకోండి. ఇంగ్లిష్‌ పరంగా అది ఒప్పే. కంప్యూటర్‌కి మాత్రం తప్పు. అది చదివి టైప్‌ చేసినవాళ్లకి పని జరగదు. ‘క్రియేట్‌’ సంగతీ అంతే. అలాగే ‘కలర్‌’ అనే మాటకి బ్రిటిష్‌ స్పెల్లింగ్‌ ఒకటి, అమెరికన్‌ స్పెల్లింగ్‌ ఒకటి. మనం బడిలో నేర్చుకున్నట్టు లేదని దిద్దితే అది దిద్దుబాటు కాదు, పెత్తనం!

తప్పుల్ని వెతికే ప్రోగ్రాములకీ ఈ బాధ తప్పదు. అందుకే ‘ఫలానా మాటల జోలికి పోవద్దు’ అని వాటికి మినహాయింపుల జాబితా ఇస్తారు. ఇప్పుడు కృత్రిమ మేధ ఒక్క నిమిషంలో వంద తప్పులు ఏరి చూపిస్తుంది. వాటిలో ఏది తప్పో, ఏది అలా ఉండాలో తేల్చాల్సింది మాత్రం మనిషే.

చెక్కు... టీషర్టు
తప్పు పట్టినవాళ్లని గౌరవించడంలో స్టాన్‌ఫర్డ్‌ విశ్వవిద్యాలయ ఆచార్యుడు డొనాల్డ్‌ నూత్‌ది ఓ ప్రత్యేక పద్ధతి. తన పుస్తకాల్లో తప్పు చూపించినవాళ్లకి 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవాడాయన. అచ్చుతప్పుకైనా సరే! 256 సెంట్లు ఎందుకంటే, కంప్యూటర్‌ వాళ్లు వాడే పదహార్ల లెక్కలో అది ఒక ‘డాలర్‌’ అని చమత్కారం. ఆ చెక్కుని బ్యాంకులో వేసుకోకుండా ఫ్రేము కట్టించుకున్నవాళ్లే ఎక్కువ. చెక్కులతో మోసాల బెడద పెరగడంతో 2008 నుంచి ఆయన ఊహాలోకపు బ్యాంకు పేరిట సర్టిఫికెట్లు పంపడం మొదలుపెట్టారు. వాటికీ అంతే గిరాకీ!

ఇదే ఉత్సాహం అదుపు తప్పితే ఎలా ఉంటుందో 2020 అక్టోబరులో తెలిసింది. డిజిటల్‌ఓషన్‌ అనే సంస్థ 2014 నుంచి ఏటా ‘హ్యాక్టోబర్‌ఫెస్ట్‌’ పేరిట ఓ పండగ నిర్వహిస్తోంది. అప్పట్లో ఓపెన్‌సోర్స్‌ ప్రాజెక్టులకి నాలుగు మార్పులు పంపితే ఓ టీషర్టు ఉచితంగా ఇచ్చేవారు. ఆ ఏడాది మొదటి 70 వేల మందికే బహుమతి అన్నారు. ఇంకేముంది! అవసరం ఉన్నా లేకపోయినా ఓ విశేషణం చేర్చడం, ఖాళీ జాగా తీసేయడం, శీర్షికలో ‘అద్భుతమైన’ అన్న ముక్క తగిలించడం... ఇవీ పంపిన మార్పులు. మన దేశంలోనే ఓ యూట్యూబ్‌ పాఠంలో చూపించిన ఉదాహరణని చాలామంది మక్కీకి మక్కీ దించేశారు. ఆ చెత్త ఏరలేక ప్రాజెక్టుల నిర్వాహకులు తలలు పట్టుకున్నారు. దాంతో పండగ మొదలైన కొద్దిరోజులకే నిబంధన మార్చారు. ‘మాకు సమ్మతమే’ అని ముందుగా చెప్పిన ప్రాజెక్టులకు పంపినవే లెక్కలోకి వస్తాయన్నారు. 2024 మొదట్లో ఎక్స్‌ప్రెస్‌ అనే ప్రసిద్ధ ప్రాజెక్టుకీ ఇలాంటి అనుభవమే ఎదురైంది. వీడియో పాఠం చూసినవాళ్లు తమ పేర్లు చేర్చిన మార్పుల్ని నిజంగానే ఆ ప్రాజెక్టుకి పంపేశారు.

పంపినవాళ్లకి అది రెండు నిమిషాల పని. అందుకున్నవాళ్లకి? తెరిచి చూడాలి, చదవాలి, జవాబివ్వాలి. చాలా ప్రాజెక్టుల్లో ఆ పని చేసేది ఉద్యోగం అయ్యాక, పిల్లలు పడుకున్నాక జీతం లేకుండా కూర్చునే ఒకరిద్దరు మనుషులు. తప్పుని దిద్దడం ఉచితం కాదు. ఆ ఖర్చు ఇంకొకరి నిద్రలోంచి వస్తుంది.

చిన్నదే కదా అని చూడకుండా వదిలేయడానికీ లేదు. ఎక్స్‌జెడ్‌ అనే ఫైళ్లు కుదించే ప్రోగ్రామ్‌కి 2021లో ‘జియా టాన్‌’ పేరుతో ఎవరో ఓ చిన్న, నిరపాయకరమైన మార్పు పంపారు. తర్వాత మరికొన్ని. అలా రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించి, నిర్వహణలోనూ భాగస్వామి అయ్యి, 2024లో దొంగదారి తెరిచే కోడ్‌ చొప్పించారు. లాగిన్‌కి అర సెకను ఆలస్యమవుతోందేమిటా అని ఆండ్రెస్‌ ఫ్రాయిండ్‌ అనే ఇంజినీరు ఆరా తీయబట్టి ఆ మార్చిలో గుట్టు రట్టయింది. అక్షరం దిద్దిన వాణ్ని కూడా నిర్వాహకులు రెండు ప్రశ్నలు అడుగుతున్నారంటే కారణం ఇదే. లినక్స్‌లోనైతే 2004 నుంచి ఎంత చిన్న మార్పుకైనా ‘దీన్ని పంపే హక్కు నాకుంది’ అని హామీ ఇస్తూ సంతకం లాంటి ఓ వరుస చేర్చాల్సిందే.

దిద్దేముందు...
* ముందు ఆ మార్గదర్శకాలన్నీ పూర్తిగా చదవండి. వాటిని దిద్దుతూ వాటినే పాటించకపోతే నవ్వులపాలే!
* అదే తప్పుని ఇప్పటికే ఎవరైనా దిద్ది పంపారేమో చూడండి.
* ఫైల్లోని మిగతా తప్పులూ వెతికి అన్నీ ఒకేసారి పంపండి. ఒక్కో అక్షరానికి ఒక్కో విన్నపం వద్దు.
* కోడ్‌, ఆదేశాలు, ఫైళ్ల పేర్లు, మనుషుల పేర్లు... వీటి జోలికి వెళ్లేముందు రెండుసార్లు ఆలోచించండి.
* ‘చిన్న మార్పు’ అని రాసి ఊరుకోవద్దు. ఏ ఫైల్లో ఏ మాట దిద్దారో చెప్పండి. లినక్స్‌లో అయితే ‘దిద్దాను’ అని కాదు, ‘దిద్దు’ అని ఆజ్ఞాపిస్తున్నట్టు రాయాలి. అదక్కడి సంప్రదాయం.
* జవాబు రాలేదని మర్నాడే గుర్తుచేయకండి. కనీసం వారం ఆగమంటుంది లినక్స్‌ మార్గదర్శకం.
* ఒకటో రెండో అయ్యాక అక్కడే ఆగిపోకండి. మీకు అర్థంకాని వాక్యాన్ని అర్థమయ్యేలా రాయడం, వివరణలో లేని మెట్టుని చేర్చడం... తర్వాతి పని అదే.

మన బోర్డులు మనమే
ఇంగ్లిష్‌ తప్పుల్ని దిద్దడానికి ప్రపంచమంతా ఉంది. తెలుగు సంగతో? ఫైర్‌ఫాక్స్‌, లిబ్రేఆఫీస్‌ లాంటివి తెలుగులోనూ దొరుకుతున్నాయంటే అది హైదరాబాద్‌లోని ‘స్వేచ్ఛ’ లాంటి సంస్థలూ, ఎందరో ఔత్సాహికులూ ఏళ్ల తరబడి ఒక్కో మాటా తర్జుమా చేసిన ఫలితం. ఆ మెనూల్లో ఒత్తు జారిపోయినా, ‘శ’ ఉండాల్సినచోట ‘ష’ పడినా పట్టుకోవడానికి హెల్సింకీ నుంచి ఎవరూ రారు. అక్కడ ఇంజినీరింగ్‌ డిగ్రీతో కూడా పనిలేదు. తెలుగు బాగా తెలిసిన అమ్మ, రిటైరైన తెలుగు మాస్టారు కూడా చెయ్యి కలపొచ్చు. కంప్యూటర్‌ పని పిల్లలు చూసుకుంటే, అక్షరం పని పెద్దవాళ్లు చూసుకుంటారు!

బోర్డు మీద తప్పు కనబడితే నవ్వుకుని వెళ్లిపోయేవాళ్లు చాలామందే ఉంటారు. కుంచె అడిగి తీసుకుని, జాగ్రత్తగా దిద్దేవాడు ఎవరో ఒకడుంటాడు. కొత్తవాడు ఊరివాడయ్యేది ఆ రోజే!